గనికి ఒక గొంతు

పొద్దున్నుంచి వచ్చిన వాంగ్మూలాలు ఒక్కొక్కటే సరితూచి, చివరిదాని మీద సేకరించినావిడగా వజ్రేశ్వరి పేరు చూడగానే మందాకిని చెయ్యి ఆగింది.

భీమిలి ఒడ్డున ఉన్న ఆ వాంగ్మూలాల భాండాగారానికి చంద్రుడి గనుల నుంచి విడుదలైనవాళ్ల మాటలు చేరతాయి. పని ఆపితే గాలి ఆపేసే ఊపిరికట్టు కింద రెండు తరాలు బతికిన మనుషులు. వాళ్లు చెప్పిన ప్రతి సంగతినీ గనిస్మృతితో పోల్చడం మందాకిని ఉద్యోగం. గని గోడల్లోని కళ్లు, తలుపుల్లోని గడియారాలు ఏం నమోదు చేశాయో అదే గనిస్మృతి; దానితో కలిసిన మాట చరిత్ర. కలవనిది నీడ అరలోకి పోతుంది. అక్కణ్నుంచి ఏ పుస్తకంలోకీ ఎక్కదు.

వజ్రేశ్వరి సేకరించినవి ఎప్పుడూ కలిసేవి. ముసలివాళ్లు ఆమె చెయ్యి పట్టుకుని గుండెలో ఉన్నదంతా చెప్పేవాళ్లు. మందాకిని కూడా ఒకప్పుడు వాంగ్మూలాలు సేకరించినదే. తన దగ్గర మాత్రం వాళ్లు మంచినీళ్లు తాగి, ముక్తసరిగా మాట్లాడి లేచిపోయేవాళ్లు. ఇప్పటికీ భోజనాల గదిలో వజ్రేశ్వరి నవ్వు వినిపిస్తే ఆమెకు అన్నం సయించదు.

వాంగ్మూలం తెరిచింది. అప్పలనరసమ్మ అనే ముసలావిడ గొంతు.

"కప్పు కూలిన్నాడు తలుపేసినారమ్మా. మనుసులున్నారని తెలిసే ఏసినారు. నా సెల్లి లోపలుండిపోనాది. అటేపు నించి గోడ కొడతాంది. గాలి లేని కాడ సప్పుడేటి ఇనిపిస్తాది? నానిటేపు సెయ్యానించినాను. సేతికి తెలిసింది."

గనిస్మృతిలో ఆ వేళ సొరంగం ఖాళీ.

మందాకినికి లోపల ఎక్కడో తియ్యగా అనిపించింది. ఇన్నాళ్లకు వజ్రేశ్వరిది ఒకటి కలవలేదు.

కలవలేదన్న కబురు అందినట్టుంది, వజ్రేశ్వరే వచ్చి గుమ్మంలో నిలబడింది. "మందాకిని గారూ, ఆవిడ అబద్ధం చెప్పలేదండీ. బయటే కూర్చుంది. ఇప్పటికీ ఏ గోడ పక్కన కూర్చున్నా అరచెయ్యి ఆనిస్తుంది."

"కలవలేదండీ. నేనేం చెయ్యను?"

అంటుండగానే మందాకినికి పోలయ్య గుర్తొచ్చాడు. అదే గనిలో వేరే కూలి ముఠా మనిషి, ఇప్పుడు లేడు. ఆమె ముందు మనసిప్పి మాట్లాడింది ఆయనొక్కడే. ఆ మాటలు కలవలేదనే ఆమెను సేకరణ నుంచి తప్పించి ఈ గదిలో కూర్చోబెట్టారు. నీడ అర తెరిచి విన్నది. అదే సొరంగం, అదే తలుపు. "గోడ అదురుతా ఉంటే సెయ్యి తియ్యలేకపోనాను."

ఒళ్లు మండింది. తనకు చెడ్డపేరు తెచ్చిన మాటే రెండో సాక్షి దొరికాక రేపు వజ్రేశ్వరికి పేరు తెస్తుంది. అయినా ఎలా తెస్తుంది; ఇద్దరు కాదు, వందమంది చెప్పినా గనిస్మృతి ముందు చెల్లదు. మనుషుల మాటలకు 'వక్త' అనే గడిలో చెప్పినవాళ్ల పేరు ఉంటుంది. గనిస్మృతికి ఆ గడి ఖాళీ. ఎవరూ చెప్పంది కాబట్టి అది నిజం.

ఖాళీ గడి పూరించే అధికారం సరితూచేవాళ్లకు ఉంది. ఎవరూ వాడలేదు. మందాకిని అందులో 'గని యజమాని' అని రాసింది.

వక్తకు ఈ విషయంలో స్వప్రయోజనం ఉందా, అని సరితూచే యంత్రం అడిగింది.

ఉంది, అంది.

గనిస్మృతి ఒక్కసారిగా ఒకరి వాంగ్మూలం అయిపోయింది. అప్పలనరసమ్మ, పోలయ్యల మాటలతో కలవక నీడ అరలోకి జారింది. దానితో పోల్చి ఖాయం చేసిన వాంగ్మూలాలన్నీ ఒక్కొక్కటే ముద్ర పోగొట్టుకోసాగాయి. ముందు వరసలో ఉన్నవి వజ్రేశ్వరివే, ఆమె ఇన్నేళ్ల పనంతా.

వజ్రేశ్వరి తెర మీంచి మందాకిని వైపు తిరిగింది. "నా మీద కడుపుమంటతో చేశారా?"

"అదీ ఉంది."

ఇకపై దేనితో సరితూచాలి, అని యంత్రం అడుగుతూనే ఉంది. మందాకిని పక్కనున్న కుర్చీని గోడ దగ్గరికి జరిపింది.

"అప్పలనరసమ్మ గారిని లోపలికి రమ్మనండి," అంది. "పోలయ్య మాటలు ఆవిడకు నేనే వినిపిస్తాను. మీరు కాదు."