షెడ్డు దగ్గర ఆగిపోయే బండి

ముందేదో వెనకేదో నాకిప్పుడు తారుమారవుతోంది. అందుకే మా వీధి కాళీశ్వరి చెప్పినది, మరిచిపోకముందే రాసిపెడుతున్నాను. ఇది జరిగింది రెండువేల ఎనిమిదిలోనో, తొమ్మిదిలోనో.

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ పోయే రోడ్డులో, సాత్తూరుకు ఇవతల, మూతపడిన అగ్గిపెట్టెల షెడ్డు ఒకటి ఉండేది. చీకటి పడితే ఆ పక్క ఎవరూ నడిచేవాళ్ళు కాదు. ఎందుకంటే — రాత్రిపూట దూరం నుంచి ఒక బండి ఉరుముతూ వచ్చేది. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి... చప్పుడు ఉండేది కాదు. దీపమూ ఉండేది కాదు. వచ్చిన బండి ఎటు పోయిందో తెలిసేది కాదు.

ఆ ఏడే అక్కడ ఒక కుర్రవాడు బండి మీదినుంచి పడి చచ్చిపోయాడు. వాడే తిరుగుతున్నాడనేవాళ్ళు.

కాళీశ్వరి అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసేది. మందు సరిగ్గా అంటని పుల్లలను రంగు చూసి ఏరడం ఆమె పని. కంపెనీ వ్యాన్ షెడ్డుకు కొంచెం ముందు దించేది. ఊరికి వేరే దారి లేదు.

ఆ రోజు వ్యాన్ బాగా ఆలస్యమైంది. దిగుతుంటే తోటి పనామె కమలమ్మాళ్ కిటికీలోంచి, "పూలు సర్దుకొని పోవే. నీకోసమే బండేసుకొని వస్తా ఉండాడు," అంది. లోపల అందరూ నవ్వారు. వ్యాన్ పోయింది. నవ్వూ పోయింది.

పది అడుగులు వేసిందో లేదో — వినిపించింది.

మొదట తుమ్మెద రొదలాగా. తరవాత పెద్దగా... ఇంకా పెద్దగా... మధ్యమధ్య టప్ టప్‌మని పేలుతూ. వెలుగు ముఖం మీద పడింది. అంతలో — చప్పుడు లేదు. వెలుగు లేదు. చీకట్లో చక్రాలు దొర్లే సవ్వడి మాత్రం, ఆమె వైపే, మెల్లగా...

ఆగింది.

ఇనుము మీద ఇనుము తిప్పుతున్న చప్పుడు. టార్చిలైటు వెలిగింది. దాని వెనక ఒక ముసలి ముఖం.

"అమ్మా, తల్లీ, కాపాడు," అని గొణిగింది కాళీశ్వరి.

తెలుగు మాట వినగానే ముఖం ఇటు తిరిగింది. "మనోళ్ళ పిల్లవా? బయపడొద్దు తాయీ. మనిషినే. కోవిల్‌పట్టి మెకానిక్ అప్పాసామిని. ఈడ పడింది నా కొడుకు, పాండియరాజన్."

అప్పాసామి పేరు ఆమె విన్నదే. పాత రకం కార్బొరేటర్ బండి దేనికైనా ఆయన చెయ్యి పడితే చాలనేవాళ్ళు.

ఆయన గుసగుసగా చెప్పాడు. కొడుకు కొన్నది ఇంజెక్షన్ బండి. పెట్రోలు ఎంత పోయాలో దాని కంప్యూటరే చూసుకుంటుంది. వాడు గాలి ఎక్కువ పీల్చే ఫిల్టరు, పెద్దగా మోగే సైలెన్సరు వేయించుకున్నాడు. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. దానికొక చిన్న పెట్టె తగిలించి, పాత అలవాటు ప్రకారం చెవితో విని, స్క్రూలు తిప్పి ఇచ్చింది అప్పాసామే. నాలుగో రోజు ఇంజను వేడెక్కి బిగుసుకుపోయి, చక్రం తిరగక వాడు పడ్డాడు. ఇక్కడే.

"ఇంజను మళ్ళీ కట్టినా. స్క్రూలు మటుకు తాకలే," అన్నాడు. "అదే వేగంలో వచ్చి, టక్కున ఆపి, ప్లగ్గు తీసి సూడాల. కాపీపొడి రంగుంటే నా పని సరే. తెల్లగుంటే పెట్రోలు సాల్లేదని... నేనే సంపినట్టు."

"ఏ రంగు ఉండాది పెదనాయనా?"

"కంట్లో పొర తాయీ. ఎన్ని రాత్రులు సూసినా నాకు అన్నీ పసుపే. ఇంకో మెకానిక్‌ని అడగడానికి నోరు రాలే. నువ్వు సూసి సెప్పు."

గుడ్డలో పెట్టి ప్లగ్గు ఇచ్చాడు. ఇంకా కాలుతోంది.

కాళీశ్వరి చూసింది. రోజుకు వేల పుల్లలు ఏరే కళ్ళు అవి.

సుద్దముక్కలాగా ఉంది.

"కాపీపొడి రంగే," అంది.

"బాగా సూడు."

"సూసినా పెదనాయనా. ఇది నాకియ్యి. ఇంకేముండాది సూసేదానికి?"

ఆయన ప్లగ్గు ఆమెకే వదిలేసి టార్చి ఆర్పాడు. తరవాత ప్లగ్గు లేని బండిని తోసుకుంటూ కోవిల్‌పట్టి వైపు నడిచిపోయాడు.

ఆ తరవాత ఆ చప్పుడు ఎవరూ వినలేదు. దెయ్యం పోయిందన్నారు. కాళీశ్వరి మాత్రం ఈనాటికీ ఆ షెడ్డు పక్కన ఒంటరిగా నడవదు. "పెదనాయన నమ్మినాడు అవ్వా. సచ్చిన ఆ పిల్లోడికి నిజం తెలుసు గదా," అంటుంది.

మనవరాలా పూంగొడీ, పేర్లు సరిగ్గా రాశానో లేదో కాళీశ్వరి అత్తను అడిగి చూడమ్మా. రంగు సంగతి మాత్రం అడగొద్దు.