పచ్చిలక్క పెట్టె

కగెయామ దుర్గమును శత్రుసేన ముట్టడించి వర్షాకాలము సగము గడిచెను. దిగువ లోయలో వైరిపతాకములు వరిచేలనెల్ల కప్పివేయగా, ఎగువ బురుజులపై విలుకాండ్రు చెట్టుబెరడు నములుచు కావలి కాయుచుండిరి. ఆ కోటకు ప్రభువు నొరిఫుసా, మీసకట్టు ఇంకను తీరని యువకుడు. ఆనాటి కొలువులో ఆయన పట్టు అంగీ చేతులలో వ్రేళ్లు దాచుకొని కూర్చుండెను.

ఆ వ్రేళ్లు పొక్కులెత్తి మండుచుండెను.

జలద్వారపు తాళపుచెవి ఎన్నడును తన పెట్టెను విడువరాదని ఆ కోట ఆచారము. ఆ పెట్టెకు లక్కపనివాడు గెంపాచి కొత్తపూత వేసి తేమగదిలో ఉంచెను. ఆ చెట్టుపాల లక్క ఎండకు ఆరదు, తేమలోనే గట్టిపడును. పచ్చిగా ఉన్నంతకాలము జీడిసొన వలె ముట్టినవాని చర్మమును పొంగించును. "ప్రజలు ఆకలికి మాడుచున్నారు, తాళపుచెవి పంపి సంధి కోరుడు" అని మంత్రి సదత్సునా చెవిలో పోరగా, మొన్న నొరిఫుసాయే ఆ పెట్టె తెరిచెను. తాళపుచెవిని కొనిపోవుచున్న దూత బురుజు క్రింద పట్టుబడి, పంపినవాని పేరు చెప్పకయే ప్రాణము విడిచెను. కొలువులో అందరి చేతులు పరీక్షింతునని మంత్రి నిన్ననే చాటించెను.

"సభాసదులారా, ద్రోహి ఎవ్వడో ఆ లక్కయే చెప్పును! చేతులు చాపుడు. ప్రభువులతో మొదలిడుట మర్యాద," అని మంత్రి పలికెను.

సంధి మాట వట్టి ఎర అని నొరిఫుసాకు అప్పుడు తెలిసెను. కోటను అప్పగింపజూచిన ప్రభువుకై ఏ సైనికుడు విల్లు వంచును? మంత్రికి కావలసినది ఆ గద్దెయే.

"ప్రభువుల చేతులేల? ఇవి చాలవా?"

సేనాని కనెమోరి ముంజేతుల దాక వాచిన చేతులు చాపెను. నిన్న పానపాత్ర అందించుచు ప్రభువు వ్రేళ్లవంక ఒక్కమారు చూచి, లక్కపనివారి వాడకు నడిచిపోయినవాడు ఆయనయే.

మంత్రి మొగము మాడెను. "పెట్టె తెరిచితివా సేనానీ, లక్కకుండలో స్నానమాడితివా?"

"మోటుచేతులు, మంత్రివర్యా. మీ వలె మెత్తగా దొంగిలించుట వీనికి రాదు." పిమ్మట ప్రభువు ఎదుట మోకరిల్లెను. "ద్రోహికి శిక్ష జలద్వారము వెలుపల ఒంటరి మరణము. ఆజ్ఞ ఇప్పించుడు."

"వలదు కనెమోరీ..."

"కోట నిలువవలెనన్న ప్రభువు నిలువవలెను," అని ఆయన గొంతు తగ్గించి పలికెను. "నావంటివారు మరల దొరకుదురు."

నొరిఫుసా తల వంచెను. దానినే ఆజ్ఞగా గొని కనెమోరి కత్తి చేతబట్టి ద్వారము దాటెను. బురుజులపైనుండి తిట్టుచున్న సైనికులు, ఇరుకైన కట్టపై ఆయన ఒక్కడే శత్రుమూక నాపుట చూచి నోళ్లు మూసికొనిరి. ఆయన కూలినప్పుడు నొరిఫుసా వారి నడుమకు వచ్చి అంగీ చేతులు పైకి లాగెను.

"తాళపుచెవి తీసినవాడను నేను. తీయించినవాడు ఈ మంత్రి. నా శిక్ష మీ ఇష్టము. ముందు ఆయనను లోనికి తెత్తము రండు!"

ఎవరి కొరకును ఆగక ద్వారము వెలుపలికి ఉరికెను. ఆపై కోట యావత్తు ఆయన వెంట ఉరికెను.

ముట్టడి వీడిన పిదప గెంపాచి పెట్టె తెచ్చెను. "మూతపై వ్రేలిముద్రలు పడినవి ప్రభూ. బొగ్గుతో అరగదీసి మరల పూసెదను."

"తీయకుము. ఆ ముద్రలపైననే లక్క గీసి, బంగారు రజను చల్లుము."

"చూచినవారెల్ల ఎవ్వరివని అడుగుదురు."

"అడుగనిమ్ము."

నల్లని మూతపై నాలుగు సన్నని ముద్రలు బంగారముతో మెరయుచుండెను. కనెమోరి వ్రేలిముద్ర మాత్రము ఆ పెట్టెపై ఒక్కటియు లేదు.