మంజులత ఫోన్ చేయకూడదు

“మంజులత అయిదింటికి ఫోన్ చేస్తుంది. చేస్తే చస్తుంది,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ లియాఖత్ అలీకి నోట్లో టీ చేదెక్కింది. విదేశీ ముఠాలో చేరి, వాళ్ల గుట్టు మనకు మోస్తున్న డబుల్ ఏజెంట్ ఆమె. నడిచి వస్తుంటే మగాళ్ల తలలు తిరగాల్సిందే. లియాఖత్‌కు ఆమె అంటే ప్రాణం. ఎన్నడూ చెప్పలేదు. నిన్న ముఠాకు అనుమానం వచ్చింది, ఆమె అచ్చంపేట అడవి వైపు పారిపోయింది. ఎక్కడ దాక్కుందో ఫోన్‌లో చెబితే జీపు పంపాలి.

“పంపుదాం కదా సార్?”

“జిల్లా ఫోన్లన్నీ నడిచే రాళ్లగడ్డ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ కంప్యూటర్‌లోకి వాళ్లు వైరస్ ఎక్కించారు. ఆమె ఏ నంబర్ నుంచి చేసినా అది వాళ్లకు చేరుతుంది. వాళ్ల మనుషులు అడవి పక్కనే ఉన్నారు, మన జీపు కంటే ముందే పోతారు. ఇదిగో, వైరస్‌ను చంపే ఫ్లాపీ. ఎక్స్ఛేంజ్‌లో వాళ్ల మనిషి ఒకడున్నాడు. ఎవరో తెలియదు. ఎవరి కంటా పడనీయకు.”

లియాఖత్ ఏసీ మెకానిక్ వేషం వేశాడు. ఫ్లాపీని బూటు లోపలి అట్ట కింద దాచాడు. అబ్బో, ఏం తెలివి! కంప్యూటర్ గది గడప దగ్గర అటెండర్ హుస్సేన్ బీ చేయి అడ్డం పెట్టింది.

“బూట్లు ఇడువన్నా. లోపలికి దుమ్ము పోవద్దు. పెద్ద సారైనా ఇడుస్తడు.”

“జర అర్జెంటక్కా...”

“అందరు గట్లనే అంటరు. ఇడువు.”

1996లో ప్రతి కంప్యూటర్ గదికీ ఈ మడి ఉంది. గూఢచారి శిక్షణలో ఎవరూ చెప్పలేదు కాబోలు! నలుగురూ చూస్తున్నారు, విప్పక తప్పలేదు. లోపల కూర్చున్న ఇంజనీరు లేచి వెళ్లేదాకా ఏసీ విప్పుతూ, బిగిస్తూ పళ్లు కొరుక్కున్నాడు. గది ఖాళీ కాగానే బయటికి ఉరికాడు.

“అక్కా, నా బూట్లేవీ?”

“కాళ్లల్ల వడ్తున్నయని గా బండ మీద వెట్టిన. చెమట వాసన గూడ పోతదని.”

మే నెల పాలమూరు ఎండ! ఫ్లాపీ అప్పడంలా వంగిపోయింది. డ్రైవ్‌లో దూరనే లేదు. లియాఖత్‌కు ఏడుపొచ్చింది. అయిదు కావస్తోంది.

ఇక ఒక్కటే దారి. బ్యాటరీ గదిలోకి దూకి మెయిన్ కేబుల్ ఊడబీకాడు. నిప్పురవ్వలు లేచాయి. జిల్లాలో ఫోన్లన్నీ మూగబోయాయి. మళ్లీ కలిపితే వైరస్ కూడా లేస్తుంది. కలపలేడు.

వైర్‌లెస్ తీశాడు.

“సార్, మంజులత ఎక్కడుందో వాళ్లకు తెలియలేదు.”

“శభాష్! జీపు స్టార్ట్ చేసే ఉంచాం. ఎక్కడికి పంపమంటావ్?”