ఇటుకా? పిచ్చుకా?

ఆ ఉదయం స్టూడియో తలుపులు తీస్తూనే తండ్రీకొడుకులు వాదనలో పడ్డారు. బల్ల మీద రెండు కెమెరాలున్నాయి. రెండూ వాడి చూసుకొమ్మని దుకాణంవాడు ఇచ్చినవి. సాయంత్రంలోగా ఒకటి తిరిగి వెళ్లిపోవాలి. పెద్దది మీడియం ఫార్మాట్, మొహంలో సన్న గీత కూడా వదలని రకం. పట్టుకుంటే మణికట్టు లాగేస్తుంది, ఫోకస్ కుదుర్చుకోవడానికి తీరిగ్గా ఆలోచిస్తుంది. చిన్నది ఫుల్ ఫ్రేమ్. చేతిలో ఇమిడిపోతుంది, మనిషి కన్ను ఎక్కడుందో ఇట్టే పట్టేస్తుంది. కొడుకు పెద్దదానికి ఇటుక అని పేరు పెట్టాడు. తండ్రి ఊరుకుంటాడా, చిన్నదాన్ని పిచ్చుక అన్నాడు.

"పెళ్లిళ్లలో పరిగెత్తాలి నాన్నా. ఈ ఇటుకతో నువ్వు ఫోకస్ చేసేలోపు పెళ్లికూతురు తల్లయిపోతుంది."

"పరిగెత్తేవాళ్లని పరిగెత్తనీ. మన దగ్గరికి కూర్చుని తీయించుకునేవాళ్లు వస్తారు. చెంప మీద వెలుగు నీడలోకి మెల్లగా దిగాలి. నీ పిచ్చుక దాన్ని మెట్ల మీంచి తోసేస్తుంది."

"ఫోన్లో చూసుకునేవాడికి నీ నీడలెందుకు?"

ఇద్దరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. పెద్దాయన వయసుతో చల్లబడ్డాడని అందరూ అంటారు, ఆయనా అదే నమ్మాడు. కొడుకు మాత్రం ఇంకా మంచి వేడి మీద ఉన్నాడు.

వెనక ఇంట్లోంచి కోడలు కాఫీ తీసుకొచ్చింది.

"మాటలెందుకు, ఒకే మొహాన్ని రెండింటితో తీద్దాం. ఇలా కూర్చో అమ్మా" అన్నాడు పెద్దాయన.

ఆమె మొగుడి వైపు చూసింది. "పొయ్యి మీద పాలున్నాయి మావయ్యగారూ."

"మీ అత్తయ్య చూసుకుంటుందిలే."

"తనెందుకు? లైట్లు సరిచూసుకునే ఆ ప్లాస్టిక్ బొమ్మని కూర్చోబెట్టు" అన్నాడు కొడుకు.

"బొమ్మకి చర్మం ఉంటుందట్రా?"

ఆమె కూర్చుంది. ఆయన లైటు సర్ది, వెనక్కి వచ్చి చూశాడు. "ఆ కాలరు పై బొత్తాం తియ్యమ్మా. మెడ కనపడటం లేదు." ఆమె వేళ్లు బొత్తాం దగ్గర ఆగిపోయాయి. చివరికి తీసింది. అంతలో కొడుకు చేతిలోంచి లైటు స్టాండు జారి దబ్బున పడింది. ఆమె రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయింది. పాపం బెదిరిందనుకుని పెద్దాయన నవ్వేశాడు.

రెండు ఫోటోలూ కంప్యూటర్లో పక్కపక్కన తెరిచారు. పిచ్చుక తీసిన ఫోటో చక్కగా ఉంది. చర్మం నునుపు చేసే సెట్టింగు కొడుకు ముందే పెట్టి ఉంచాడు. పెద్దాయన ఇటుక తీసినదాన్ని పెద్దది చేసుకుంటూ పోయాడు. కనురెప్పలు, చెంప, చెవి కింద పౌడరు. పౌడరు కింద పసుపు, దాని అంచున నీలం. నాలుగు మచ్చలు వరసగా ఉన్నాయి. మెడకి అటువైపు బొటనవేలంత ఇంకొకటి ఉంది.

"నీడ పడింది" అన్నాడు కొడుకు.

"లైటు పెట్టింది నేను. అక్కడ నీడ పడదు." ఆయన కోడలి వైపు తిరిగాడు. "ఎవరమ్మా?"

ఆమె గబగబా బొత్తాం పెట్టుకుంది. కొడుకే అన్నాడు, "అది మా ఇద్దరి సంగతి. నువ్వు కెమెరా సంగతి చూడు."

పెద్దాయన వాడి చెంప పగలగొట్టాడు. వాడు ఆయన్ని రెండు చేతులతో తోశాడు. ఆయన వెళ్లి లైటు మీద పడ్డాడు. బల్బు పేలి గాజుముక్కలు అరచేతిలో దిగాయి. ఆయన లేచేలోపు కొడుకు పెళ్లాం జుట్టు పట్టుకుని ఆమె మొహాన్ని బల్లకేసి కొట్టాడు.

"బొత్తాం ఎందుకు తీశావే?"

మళ్లీ కొట్టాడు. బల్ల మీద నెత్తురు పడింది. అప్పటిదాకా బరువని వెక్కిరించిన కెమెరానే ఒంటిచేత్తో పైకెత్తాడు. పెద్దాయన చూస్తూ నిలబడ్డాడు.

చప్పుడు విని లోపలినుంచి పెద్దావిడ వచ్చింది. కింద పడ్డ స్టాండు అందుకుని కొడుకు మోచేతి మీద శక్తికొద్దీ కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. కెమెరా నేల మీద పడి లెన్సు పగిలింది. వాడు చెయ్యి పట్టుకుని కేకలు పెడుతూ కూలబడ్డాడు. ఆమె స్టాండు దించలేదు.

"మళ్లీ లేచావంటే రెండోది కూడా విరగ్గొడతాను" అంది కొడుకుతో.

పెద్దాయన రొప్పుతూ అన్నాడు, "చూశావా, ఈ పెద్ద కెమెరా లేకపోతే మనకి తెలిసేదే కాదు."

"కెమెరాదేముందండీ" అంది పెద్దావిడ. "మీ పాత కెమెరాలోనూ పడేవి. నా మెడ మీద, నా దవడ మీద. మీరే కదా కూర్చుని చెరిపేవారు."

ఆయన గోడ వైపు చూశాడు. కొడుకు బడికెళ్లే రోజుల్లో తీసిన ఆమె ఫోటో అక్కడుంది. ఇలాగే కావాలని ఎంతమంది అడిగి తీయించుకున్నారో. ఆ మెడ నునుపు కోసం సన్నటి కుంచె పట్టుకుని, కూనిరాగం తీస్తూ, ఒక్కో చుక్కా దిద్దింది ఆయనే.

"ఎంత బాగా పోయాయో చూడు అని నాకే చూపించారు. వాడూ మీ పక్కన నిలబడి చూశాడు" అంది ఆమె. "కొట్టడం మానేశారు కదా, అదే పదివేలని నేనూ నోరు మూసుకున్నాను. ఈ పిల్ల పౌడరు ఎందుకు రాసుకుంటోందో తెలిసి కూడా మూసుకున్నాను."

పెద్దాయన నేల మీద కూర్చుని ఏడ్చాడు. నొప్పికి కాదు. వాడికి ఏ పని నేర్పాడో అప్పుడు అర్థమైంది.

"నాన్నా, ఆ ఫోటో తీసెయ్" అన్నాడు కొడుకు మూలుగుతూ.

కోడలు పెదవి మీది నెత్తురు తుడుచుకుంది. "ప్రింట్ తీయండి మావయ్యగారూ. పోలీసులకి ఇవ్వాలి."

ఆయన లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అలవాటుకొద్దీ చెయ్యి మచ్చలు చెరిపే గుర్తు మీదికి వెళ్లింది. వెనక భార్య నిలబడి ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఉన్నది ఉన్నట్టుగా ప్రింట్ తీశాడు.

"నేనూ వస్తానమ్మా" అన్నాడు కోడలికి అందిస్తూ. "వాడి గురించి చెప్తాను. నా గురించి కూడా."

భార్య స్టాండు గోడకి ఆనించింది. గోడ మీది తన ఫోటో దించి, కొంగుతో దుమ్ము తుడిచి, గాజు గుచ్చుకోని ఆయన చేతిలో పెట్టింది.

"ఇది కూడా పట్టుకురండి. ఎక్కడెక్కడ చెరిపారో నేను చూపిస్తాను."