నెత్తురు తాగే గది

రాళ్లవాగు గుంపు అడవి నడుమ చిన్న గూడెం. అక్కడ పొద్దుగూకితే ఆరోగ్య ఉపకేంద్రం వెనక గది దిక్కు ఎవరూ పోరు. తాళం వేసిన గది. లోపల మాత్రం రాత్రంతా ఒకటే మూలుగు... మ్‌మ్‌మ్... అని.

అది నెత్తురు తాగుతదట. ఈ రెండేళ్లలో, జ్వరమొచ్చి అక్కడ గోలీలు తీసుకున్నోళ్లలో ముగ్గురికి కళ్లు పచ్చబడి, మూత్రం నల్లగా పడి, మనిషి పాలిపోయి ప్రాణం పోయింది. అందుకే గడప ముందు ఇప్పపూలు పెట్టి, వెనక్కి చూడకుండా పోతారు. సూపర్‌వైజర్ శ్రీశైలం కూడా అటు పోకుండ్రి, మంచిది కాదనే చెప్తాడట. చదువుకున్న మనిషి, ఆ గది తాళంచెవి ఉన్న మనిషి!

నర్సు మంగ్లి ఆ ఊరికొచ్చి వారమైంది. ఆ సాయంత్రం బొజ్జయ్య తన ఎనిమిదేళ్ల మనవడు జోగయ్యను భుజాన వేసుకొచ్చాడు. మలేరియా — మళ్లీ మళ్లీ తిరగబెట్టే రకం. దాన్ని పూర్తిగా పోగొట్టాలంటే పద్నాలుగు రోజులు గోలీలు మింగాలి. కానీ నెత్తురులో ఒక ఎంజైమ్ తక్కువున్నోళ్లకు అవే గోలీలు విషం. ముందు ఆ పరీక్ష చెయ్యాలి.

ఫోన్ చేస్తే శ్రీశైలం విసుక్కున్నాడు. ఆ పరీక్ష కిట్లు జిల్లా నుంచి రానే లేదన్నాడు. ఆ గుంపులో అందరికీ నార్మలే, ఇచ్చెయ్, రేపు నేనొస్తా అన్నాడు.

మంగ్లి గోలీల అట్ట తీసింది. బొజ్జయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వీని తల్లి సమ్మక్క గివే మింగింది, బిడ్డా... మూడో దినం ఆ గది తాగేసింది."

మంగ్లి అట్ట కింద పెట్టేసింది. జ్వరం తగ్గే మందు మాత్రం ఇచ్చి, పిల్లాడి పక్కనే కూర్చుంది.

నడిరాత్రి... మ్‌మ్‌మ్...

ఆమె టార్చి, గునపం తీసుకుని లేచింది. వద్దు వద్దని గొణుగుతూనే ముసలాయన వెంట నడిచాడు. మూడో దెబ్బకు తాళం ఊడింది. లోపల చీకట్లో ఒక పచ్చటి కన్ను... కదలకుండా చూస్తోంది.

టార్చి వేసింది.

ఫ్రిజ్. సోలార్ మీద నడిచే ఫ్రిజ్! ఆ కన్ను దాని దీపం, ఆ మూలుగు దాని మోటారు.

తలుపు తీస్తే పైదాకా డబ్బాలు. ఎంజైమ్ పరీక్ష కిట్లు. ఒక్కదానికీ సీలు చించలేదు, గడువు కూడా దాటలేదు. పైన రిజిస్టరు. గుంపులో ప్రతి ఒక్కరి పేరూ ఉంది, అన్నీ ఒకే తేదీన, ఒకే పెన్నుతో, కింద శ్రీశైలం సంతకం. సమ్మక్క — నార్మల్. జోగయ్య — నార్మల్.

మంగ్లికి అంతా అర్థమైంది. ఒక్కరి వేలైనా గుచ్చకుండా, కుర్చీలో కూర్చుని ఊరందరి నెత్తురుకూ తీర్పు రాసేశాడు. దెయ్యమంటే చాలు, ఎవరూ తలుపు తెరవరు గదా!

ఆమె ఒక కిట్టు పిల్లాడి దగ్గరికి తెచ్చి చించి, వాడి వేలు గుచ్చి, నెత్తురు చుక్క పట్టీ మీద వేసింది. ఊదారంగు తిరిగితే ఎంజైమ్ ఉన్నట్టు. ఇద్దరూ టార్చి వెలుగులో దాన్నే చూస్తూ కూర్చున్నారు...

తెల్లగానే ఉంది.

ఇది తల్లి నుంచి బిడ్డకు వచ్చే లోపమని, ఆ గోలీలు మింగితే తల్లికిలాగే నెత్తురు కణాలు పగిలి వీడూ దక్కేవాడు కాదని మంగ్లి చెప్పింది. పొద్దున్నే పెద్ద దవాఖానాకు తానే తీసుకుపోతానంది.

బొజ్జయ్య ఆ తెల్లపట్టీ మీంచి చూపు తిప్పలేదు.

"దీనికి ఎంతసేపు పట్టింది, బిడ్డా?"

"పది నిమిషాలు, తాతా."

ఆయన గడప మీద కూలబడ్డాడు.

"రేపు మీ సారు వస్తడా?"

"వస్తడు."

"రానియ్యి..."