వాషింగ్ మిషన్ ముందు ఇంటర్వ్యూ

"నా బలహీనత ఏమిటంటే సార్, నేను మరీ ఎక్కువ కష్టపడతాను."

ఏడో నంబరు వాషింగ్ మిషన్ వెనక కూర్చుని బెల్టు బిగిస్తున్న మెకానిక్ అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. పిన్ని నడిపే ఈ లాండ్రీలో బట్టలు వేసి కునికేవాళ్ళను చూసింది, ఫోన్లో పోట్లాడుకునేవాళ్ళను చూసింది. మిషన్‌ను సార్ అనేవాళ్ళను వినడం మాత్రం ఇదే మొదలు.

"అబద్ధం," అంది అక్కడినుంచే.

అవతల స్టూలు కింద పడ్డ చప్పుడు.

లేచి చూస్తే ఒక పొడుగాటి మనిషి. చేతిలో చెమటకు మెత్తబడ్డ కాగితం. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"ఎవరో ఉన్నారని తెలీదండి. ఇంటర్వ్యూకి ప్రాక్టీసు చేస్తున్నా."

"దీంతోనా?"

"వాళ్ళూ ఇలాగే ఉంటారు కదండీ. మొహం చూస్తే ఏమీ తెలీదు."

నవ్వు ఆపుకోవడానికి ఆమె రెంచీ వెతుక్కుంటున్నట్టు వంగింది.

అతను నర్సు. పనిచేసే క్లినిక్ నెలాఖరుకు మూసేస్తున్నారు. గురువారం పెద్దాసుపత్రిలో, పిల్లల వార్డుకి ఇంటర్వ్యూ. ఇంతకుముందు రెండు చోట్ల నోరు పెగల్లేదు. రెండోచోటైతే ఇంటిపేరు కూడా గుర్తురాలేదు.

"పిల్లల వార్డే ఎందుకు?" ఆమె బకెట్ బోర్లించి కూర్చుంది.

అతను కాగితం చూశాడు. "పిల్లలే రేపటి..."

ఆమె కాగితం లాక్కుని జేబులో కుక్కేసింది. "సూది వెయ్యాలి. పిల్ల ఏడుస్తోంది. ఏం చేస్తారు?"

"నొప్పి ఉండదని అబద్ధం చెప్పను. మూడు లెక్కపెట్టేలోపు అయిపోతుందంటాను. నిన్నొక పాప తనే లెక్కపెడతానంది. రెండు దగ్గర ఆగిపోయింది."

"ఆగితే?"

"నేనూ ఆగాను. పది నిమిషాలు."

"తర్వాత?"

"మీకూ భయమా అని అడిగింది. కొంచెం ఉందన్నాను. నా మొహంలోకి అలా చూసి, అప్పుడు మూడు అంది."

అతని బట్టలు ఉతకడం ఎప్పుడయిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

"అక్కడ ఇదే చెప్పండి," అందామె.

"ఇది జవాబెలా అవుతుంది?"

"నేను పని వదిలేసి విన్నాను కదా."

మర్నాడూ ఆ మర్నాడూ సాయంత్రాలు అతను వచ్చాడు. తెలియనిది అడిగితే ఎలా అన్నాడు. "తెలీదనే చెప్పండి. నేను రోజుకు పదిసార్లు చెప్తాను. చెప్పి, మూత విప్పి చూస్తాను," అంది. ఆపైన అతని ఆదివారాలు ఎలా గడుస్తాయని అడిగింది. అన్నదమ్ములెంతమందని అడిగింది.

"ఇవి కూడా అడుగుతారాండీ?"

"అడగొచ్చు."

కౌంటర్లో లెక్కపెట్టి మడతలు వేస్తున్న పిన్ని తలెత్తకుండానే అంది: "ఇంటర్వ్యూ వాళ్ళకా, నీకా?"

గురువారం అతను రాలేదు. శుక్రవారమూ రాలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా ఆమె తల తిప్పింది. ఒక మిషన్‌కు తప్పు బెల్టు వేసి మళ్ళీ ఊడదీసింది. ఉద్యోగం రాలేదేమో అనుకుంది. వచ్చింది కాబట్టే ఇక రాడేమో అని కూడా అనుకుంది. రెండోదే ఎక్కువ బాధపెట్టింది.

శనివారం పెద్ద సంచీతో వచ్చాడు. ఆమె సంచీ విప్పింది. ఇస్త్రీ మడత నలగని చొక్కాలు.

"ఇవి ఉతికినవే కదా."

"అవునండి. వట్టి చేతుల్తో రావడానికి ధైర్యం చాల్లేదు."

"ఉద్యోగం?"

"వచ్చింది. ఒక మందు మోతాదు అడిగారు. తెలీదు, చార్టు చూసి, డాక్టర్ని అడిగాకే ఇస్తానన్నాను. నర్సులందరికీ పెద్దావిడ తలూపి రాసుకుంది. నిన్ననే చేరమన్నారు. అందుకే రాలేకపోయా." సంచీ పక్కకు జరిపాడు. "ఇంకొకటి చెప్పాలి. దీనికి ప్రాక్టీసు చెయ్యలేదు. మీరంటే నాకు చాలా ఇష్టం."



"అలా బయటికెళ్ళి మాట్లాడుకోండర్రా," అంది పిన్ని. "ఈ రొదలో నాకు సగమే వినబడుతోంది."

ఆమె చేతుల గ్రీజు తుడుచుకుంటూ అతని పక్కనుంచి నడిచింది. గుమ్మం దగ్గర, మెల్లగా, "నాకూ," అంది.

పిన్నికి అది వినపడలేదు. అతనికి వినపడింది.