పధ్నాలుగో గూడు

కురోసె సొరంగం మాటెత్తితే గూడ్సు డ్రైవర్లు ఇప్పటికీ మాట మారుస్తారు. టోక్యోకి గంట దూరంలో, రేవు దగ్గర బయల్దేరి ఊరి కింద నుంచి పోయే గూడ్సు లైను అది. పైన ఇళ్లు, బడులు, అంగళ్లు... కింద ఏడు కిలోమీటర్ల చీకటి. పైన కూర్చుని అన్నం తినేవాళ్లకి తమ కాళ్ల కింద బండి పోతోందన్న సంగతే తెలీదు.

ఆ చీకట్లో గోడలకి గూళ్లుంటాయి. బండి వచ్చినప్పుడు పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్ ఒదిగి నిలబడటానికి, సరిగ్గా ఒక మనిషి పట్టేంత గూళ్లు. ఒక్కోదానికి తెల్లరంగుతో నంబరు. డ్రైవరు దూరం నుంచే కూత వేస్తాడు. గూట్లో మనిషి చేతిదీపం పైకెత్తి, రెండుసార్లు దించుతాడు — నేను తప్పుకున్నాను, నువ్వు పో — అని. అదీ అక్కడి పద్ధతి.

పధ్నాలుగో గూట్లో మాత్రం... ఎవరూ లేనప్పుడు కూడా దీపం లేస్తుందట.

"అట" అన్నవాళ్లే అందరూ. "నా కళ్లతో చూశాను" అన్న డ్రైవరు ఒక్కడే. ఒగిసో. ఆ ఒక్కడి మాటా ఎవరూ నమ్మలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ల కిందటి సంగతి. ఒగిసో గూడ్సు బండి తోలుకుంటూ వచ్చాడు. కూత వేశాడు. పధ్నాలుగో గూటి దగ్గర దీపం లేచింది, రెండుసార్లు దిగింది. సరే అనుకుని బ్రేకు ముట్టుకోలేదు. మరుక్షణం ఇంజను ముందు ధబ్బుమని చప్పుడు...

పోయినవాడు కనెమారు అనే గ్యాంగ్‌మన్. ఆ వేళ సొరంగంలో ఉన్నది ఆయనొక్కడే. ఆయన దీపం చూస్తే, ఆర్పేసి సంచిలో పెట్టి ఉంది. "మరి నీకు దీపం ఎత్తినవాడెవడయ్యా?" అని ఎంక్వైరీలో అడిగారు. ఏం చెప్తాడు, నా మొహం! నిద్రపోయాడు, కూతా వెయ్యలేదు, ఇప్పుడు బొంకుతున్నాడు అని తేల్చారు. ఇంజను దింపి షెడ్డులో చీపురు చేతికిచ్చారు. కన్నకొడుకు కూడా, "కాస్త కునుకు పట్టిందేమో నాన్నా, గుర్తు చేసుకో" అన్నాడు. వినగా వినగా ఒగిసోకే అనుమానం పట్టుకుంది. నిజంగా చూశానా? లేక నిద్రలోనే ఒక మనిషిని చంపేశానా?

మళ్లీ వెళ్లి చూద్దామంటే అక్కడికి కాలినడకన ఎవర్నీ పోనివ్వరు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, రైళ్లంటే పడిచచ్చే జనం కోసం ఆ గూడ్సు లైను మీద ప్రయాణికుల బండి ఒకటి వేస్తారు. టిక్కెట్లకి లాటరీ. ఒగిసో పేరు మూడుసార్లు తగల్లేదు. నాలుగోసారి, డెబ్భై రెండో ఏట, తగిలింది.

మధ్యాహ్నం రెండింటికి బండి కదిలింది. బోగీ అంతా తిరునాళ్లలా ఉంది. కంటెయినర్ల గుట్టల పక్క నుంచి, ఇళ్ల పెరళ్ల వెనక నుంచి బండి నెమ్మదిగా పోతోంది. బట్టలారేస్తున్న ఒకావిడ గూడ్సు లైను మీద మనుషుల్ని చూసి, తడిచొక్కా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బోగీలో వాళ్లంతా ఆవిడకి చేతులూపారు.

ఒగిసోకి ఎదురు సీట్లో నలభై దాటిన మనిషి ఒకావిడ. మిట్సుయో అని చెప్పుకుంది. డబ్బా విప్పి, పుల్లటి ఉమె కాయల ఊరగాయ పెట్టిన అన్నం ముద్ద ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

"తినండి బాబాయిగారూ. పొద్దుట్నుంచి ఏమీ తిన్నట్టు లేరు. మీక్కూడా రైళ్ల పిచ్చేనా?"

"అట్లాంటిదే తల్లీ. నీకూ అంతేనా?"

"నాకు రైలంటేనే అసహ్యం." నవ్వకుండా అంది. "మా నాన్న ఈ సొరంగంలోనే పోయాడు. పధ్నాలుగో గూటి దగ్గర. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఒక్కసారి ఆ చోటు చూసి దణ్ణం పెట్టుకుందామంటే... ఎనిమిదేళ్లు పట్టింది లాటరీలో పేరు రావడానికి."

అన్నం ముద్ద ఒగిసో నోట్లోనే ఉండిపోయింది. మింగుడు పడదు, కక్కలేడు.

"ఆ డ్రైవరు ఉన్నాడు చూశారూ," అందామె, "నిద్రపోయి తొక్కించేశాడు. పైగా మా నాన్నే దీపం ఎత్తాడట! చచ్చినోడు వచ్చి కాదనలేడు కదా, వాడి మీదకి తోసేశాడు."

"ఆయన... కనిపిస్తే?"

"చెంప పగలగొడతా. ఆ తర్వాత అడుగుతా, ఇన్నేళ్లూ నిద్రెలా పట్టిందిరా అని."

నేనేనమ్మా అని చెప్పెయ్యాలనిపించింది ఆయనకి. లేచి ఇంకో బోగీలోకి పోదామనుకున్నాడు.

ఈలోగా బండి సొరంగంలోకి దూరింది.

గోడలు బాగా కనిపిస్తాయని బోగీలో దీపాలు ఆర్పేశారు. ఒక్కసారిగా జనం గొంతులు తగ్గిపోయాయి. చల్లటి తడివాసన. చక్రాల మోత గోడలకి తగిలి వెనక్కి వస్తోంది. లోపల రెండు దారులు. వీళ్ల బండిది ఇవతలి దారి. అవతలి దారి ఖాళీ. ఆ ఖాళీ పట్టాలకి ఆవల, గోడకి గూళ్లు... ముప్ఫై ఒక్క ఏళ్ల కింద ఒగిసో వచ్చింది ఆ అవతలి దారిలోనే.

టోపీ నిండా రైలు బిళ్లలు గుచ్చుకున్న లావుపాటాయన ఒకడు కిటికీకి కెమెరా ఆనించి లెక్క మొదలెట్టాడు.

"ఎనిమిది... తొమ్మిది..."

మిట్సుయో అద్దానికి నుదురు ఆనించింది. చేతులు జోడించింది.

"పది... పదకొండు..."

ఒగిసో కిటికీ వైపు జరిగాడు. దీపం కనిపిస్తే సరే. కనిపించకపోతే? అప్పుడు తను చంపినవాడే. ఆ మనిషి కూతురు పెట్టిన అన్నం ఇంకా నోట్లోనే ఉంది...

"పన్నెండు..."

ముందు ఇంజను కూత వేసింది. పొడుగ్గా. ఆ కూత ఆయన వెన్నులోకి దిగింది.

"పదమూడు..."

చూడాలి. దీనికోసమే కదా వచ్చాడు! చూడాలి...

ఒగిసో కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"పధ్నాలుగు..."

ఏదో గాలి విసురు. అంతే. చక్రాల మోత మోగుతూనే ఉంది. ఆయన కళ్లు తెరిచేసరికి నల్లగోడ పరుగెడుతోంది. పోయింది. నాలుగుసార్లు లాటరీ వేసి, ఇంత దూరం వచ్చి, పిరికిపీనుగలా కళ్లు మూసుకున్నాడు. ఆయనకి ఏడుపొచ్చింది.

"పదిహేను..." అన్నాడు లావుపాటాయన. కెమెరాలోకి చూసుకుని, "ఛ, ఒట్టి గోడే పడింది" అని గొణిగాడు.

అప్పుడు తెలిసింది ఒగిసోకి, తన మణికట్టుని ఎవరో పట్టుకున్నారని. మిట్సుయో. వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి.

"బాబాయిగారూ..." గొంతు లేదు, గాలే వస్తోంది. "చూశారా?"

"లేదు తల్లీ. ఏం... ఏం చూశావు?"

"దీపం. పైకి లేచింది. రెండుసార్లు దిగింది."

ఒగిసో ఆమెవైపు వంగాడు.

"మా నాన్న అక్కడున్నాడు. గూట్లో కాదు... పట్టాల మధ్య. వీపు మీద సంచి. దీపం ఆయన చేతిలో లేదు, బాబాయిగారూ. ఆయన కూడా దానివైపే చూస్తున్నాడు."

"మరి... దీపం పట్టుకున్నది?"

పదహారో గూడు పోయింది. పదిహేడూ పోయింది.

"చెయ్యి," అంది చివరికి. "గూట్లోంచి చెయ్యి బయటికి వచ్చింది. మోచేతి దాకా. ఆ వెలుగులో గూడంతా కనిపించింది... చెయ్యి వెనక మనిషి లేడు."

దాచుకుందామన్నా ఒగిసోకి ఇక మాట ఆగలేదు.

"ఆ ఒక్క ముక్కే నేను ఎంక్వైరీలో చెప్పలేదు తల్లీ," అన్నాడు. "పిచ్చోడంటారని. చెయ్యి వెనక ఎవరూ లేరని... ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

చీకట్లో ఆమె తలెత్తింది. మణికట్టు మీద వేళ్లు ఒక్కసారి బిగుసుకున్నాయి. చెంప మీద పడబోయే దెబ్బ కోసం ఒగిసో అలాగే కూర్చున్నాడు. పడనీ అనుకున్నాడు.

దూరంగా సొరంగం మూతి తెల్లగా కనిపించింది. బోగీలోకి వెలుగొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. మిట్సుయో మొహమంతా తడిసిపోయి ఉంది.

"అలాంటిది కళ్లబడితే," అంది, చెయ్యి వదలకుండానే, "ఎవరు మాత్రం వెనక బండి వస్తోందని తిరిగి చూస్తారు బాబాయిగారూ?"